గాదెలో ధాన్యం సరే... కంచంలో పప్పెంత?

పొట్ట, షుగరు తగ్గాలంటే రైతు కుటుంబాలు ఏం తినాలి? ఎంత నడవాలి?

ఎద్దుకు మేత ఎంత వేయాలో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దుక్కి రోజుల్లో ఒక లెక్క, పని లేని రోజుల్లో ఇంకో లెక్క. పాడి గేదెకు తవుడుతో పాటు తెలగపిండి ఎందుకు కలుపుతారో గేదెను సాకే ఆడవాళ్ళను అడిగితే టక్కున చెబుతారు. ఉత్త గడ్డి వేస్తే కడుపు నిండుతుంది గాని పశువు కండ పట్టదు, పాలు చేపదు. మరి మన మేత సంగతి ఏమిటి? అక్కడికి వచ్చేసరికి ఈ లెక్కలన్నీ మర్చిపోతున్నాం.

నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. కుప్ప నూర్పిళ్ళు పోయి కోత మిషను వచ్చింది. మోటారు వేయాలంటే చేలోకి పోనక్కర్లేదు, ఫోను నొక్కితే చాలు. పొలానికి వెళ్ళినా బండి మీదే గట్టు దాకా పోయి, నీళ్ళు పారాయో లేదో చూసి వచ్చేస్తున్నాం. ఒళ్ళు వంచే పని సగానికి సగం తగ్గింది. కంచంలో అన్నం మాత్రం నాగలి పట్టిన నాడు ఎంత ఉందో అంతే ఉంది. తేడా అంతా పొట్ట మీద తేలుతోంది.

షుగరు, బి.పి. పట్నం వాళ్ళ జబ్బులని అనుకునే రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా లక్షకు పైగా పెద్దవాళ్ళను పరీక్షించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. నూటికి 11 మందికి మధుమేహం ఉందని, మరో 15 మంది దాని గడప దగ్గర నిలబడి ఉన్నారని, 35 మందికి రక్తపోటు ఉందని అందులో తేలింది. నూటికి 39 మందికి పొట్ట ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉంది. గడప దగ్గర ఉన్న ఆ 15 మంది గురించే ఈ వ్యాసం. వాళ్ళు వెనక్కి తిరిగే వీలు ఇంకా ఉంది.

పొట్టతో వచ్చే చిక్కేమిటి?

చర్మం కింద చేరే కొవ్వు వేరు, పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు వేరు. రెండోది ప్రమాదకరం. కాలువ లెక్కతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

మనం తిన్న అన్నం అరిగి చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఇది కాలువలో నీరు అనుకోండి. ఈ నీరు పారవలసిన పెద్ద చెలక మన కండరాలు. రక్తంలోని చక్కెర కండరాల్లోకి పోవాలంటే తూము తెరవాలి. తూము తెరిచే లస్కరు పేరు ఇన్సులిన్. క్లోమ గ్రంథి దీన్ని తయారు చేస్తుంది.

పొట్టలోను, కాలేయంలోను, కండరాల్లోను కొవ్వు పేరుకున్నకొద్దీ తూములు తుప్పు పట్టినట్టు బిగుసుకుపోతాయి. ఒక లస్కరు లాగితే లేచే తలుపుకు ఇద్దరు, ముగ్గురు కావాలి. క్లోమం కొన్నేళ్ళపాటు అదనంగా ఇన్సులిన్ తయారు చేస్తూ నెట్టుకొస్తుంది. ఈ దశలో పరీక్ష చేయించినా షుగరు మామూలుగానే కనిపించవచ్చు. చివరికి క్లోమం అలసిపోతుంది. కాలువ కట్ట తెగుతుంది. అప్పుడు 'ఉన్నట్టుండి షుగరు వచ్చింది' అంటాం. నిజానికి అది ఉన్నట్టుండి వచ్చింది కాదు.

ఎక్కువైన చక్కెరను కాలేయం కొవ్వుగా మార్చి కొంత తనలోనే దాచుకుంటుంది, కొంత రక్తంలోకి వదులుతుంది. స్కానింగులో 'ఫ్యాటీ లివర్' అని రాసేది మొదటి దాన్ని. రక్త పరీక్షలో 'ట్రైగ్లిజరైడ్లు' అని రాసేది రెండో దాన్ని. మందు ముట్టని వాళ్ళకు, నూనె తక్కువగా తినే వాళ్ళకు కూడా ఇవి పెరగడానికి కారణం ఇదే. అన్నం, పంచదార ఎక్కువైనా ఒంట్లో కొవ్వుగానే మారతాయి.

టేపు తీసి కొలుచుకోండి

తూకం ఒక్కటే చూస్తే చాలదు. మన దేశస్థులకు బరువు పెద్దగా లేకపోయినా పొట్టలో కొవ్వు చేరే గుణం ఎక్కువ. దర్జీ టేపుతో బొడ్డు మట్టాన, ఊపిరి బిగబట్టకుండా, నడుము చుట్టూ కొలవండి. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంటే సుమారు 35 అంగుళాలు, 31 అంగుళాలు.

బరువు సంగతికి వస్తే, కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఉదాహరణకు 1.65 మీటర్ల ఎత్తు, 75 కిలోల బరువు ఉన్న మనిషికి 27.5 వస్తుంది. మన వాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం.

ఇక ఈ అయిదు చూసుకోవాలి.

* నడుము కొలత పైన చెప్పిన దానికన్నా ఎక్కువ.
* రక్తపోటు 130/85 లేదా అంతకు మించి.
* పరగడుపున షుగరు 100 లేదా అంతకు మించి.
* ట్రైగ్లిజరైడ్లు 150 లేదా అంతకు మించి.
* మంచి కొలెస్ట్రాలు (హెచ్.డి.ఎల్.) మగవాళ్ళలో 40 కన్నా, ఆడవాళ్ళలో 50 కన్నా తక్కువ.

ఈ అయిదింటిలో మూడు ఉంటే శరీరంలో ఇంధనం వాడకమే గాడి తప్పిందని అర్థం. పరగడుపున షుగరు 100 నుంచి 125 మధ్య ఉంటే గడప దగ్గర ఉన్నట్టు. 126, ఆపైన రెండు సార్లు వస్తే మధుమేహమే. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి చూపించుకోవాలి. కాన్పు సమయంలో షుగరు వచ్చి పోయిన ఆడవాళ్ళు తప్పనిసరిగా చూపించుకోవాలి.

అన్నం ఎంత? పప్పు ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార నియమాలను విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు అవసరమైన వ్యక్తికి అందులో చెప్పిన లెక్క ఇది. అన్నీ వండక ముందు తూకాలే.

బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. పప్పులు 85 గ్రాములు (గుడ్డు, చేప, మాంసం తినే రోజున పప్పు ఆ మేరకు తగ్గుతుంది). కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. పండ్లు 100 గ్రాములు. పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. వేరుశనగ, నువ్వుల వంటి గింజలు 35 గ్రాములు. నూనె 27 గ్రాములు.

ఇప్పుడు మన ఇంటి లెక్క వేద్దాం. మూడు పూటలా అన్నం తినే రైతు రోజుకు 450 గ్రాముల బియ్యం తింటున్నాడనుకోండి. పప్పు పలచగా పోసుకుంటే 25 గ్రాములు దాటదు. ఈయన బియ్యాన్ని 250 గ్రాములకు దించి, పప్పును 85 గ్రాములకు పెంచాడనుకుందాం. 200 గ్రాముల బియ్యం తగ్గితే 700 కేలరీలు తగ్గుతాయి. 60 గ్రాముల పప్పు పెరిగితే సుమారు 200 కేలరీలు కలుస్తాయి. అంటే నికరంగా 500 కేలరీలు తగ్గాయి. మాంసకృత్తులు మాత్రం దాదాపు తగ్గలేదు. బియ్యంలో పోయినవి 16 గ్రాములైతే, పప్పులో వచ్చినవి 13 గ్రాములు. పైగా పప్పులో పీచు ఉంటుంది కాబట్టి తొందరగా ఆకలి వేయదు. ఈ పద్ధతిలో మొదటి నెలల్లో వారానికి పావు కిలో నుంచి అర కిలో దాకా బరువు తగ్గుతుంది. అంతకన్నా వేగంగా తగ్గాలని చూడవద్దు.

ఇంట్లో కాటా లేదు, రోజూ తూచేదెక్కడ అంటారా? ఒక్కసారి కొట్టు దగ్గర 250 గ్రాముల బియ్యం, 85 గ్రాముల పప్పు తూయించండి. ఇంటికి తెచ్చి రెండు గ్లాసుల్లో పోసి, ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ గీత పెట్టండి. ఆ గీతే మీ కాటా.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఇది కూర్చుని చేసే పని, తేలిక పని చేసే వాళ్ళ లెక్క. నాట్లు, కోతలు, మూటలు మోసే పని రోజంతా చేసే కూలీలకు ఇది చాలదు. పని రోజుకు ఒక మేత, తీరిక రోజుకు ఒక మేత అన్న ఎద్దు సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

పప్పుకు ఇంత పీట ఎందుకు?

ఒంట్లో కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు ఉండాలని పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. 65 కిలోల మనిషికి 54 గ్రాములు, 55 కిలోల మనిషికి 46 గ్రాములు. బరువు తగ్గే రోజుల్లో ఇది మరీ ముఖ్యం. ఉత్తగా పస్తులుండి బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ కరిగితే చక్కెర పారే చెలకే తగ్గిపోయినట్టు. తరవాత మామూలుగా తిన్నా బరువు, షుగరు మళ్ళీ ఎక్కుతాయి.

వంద గ్రాముల్లో మాంసకృత్తులు ఎంతెంత ఉంటాయో చూడండి. బియ్యంలో 7 నుంచి 8 గ్రాములు. కంది, శనగ, మినప, పెసర, ఉలవ ఏదైనా 21 నుంచి 24 గ్రాములు. సోయా చిక్కుడులో 35 గ్రాములకు పైనే. నూనె తీసిన సోయా పిండితో చేసే మీల్‌మేకర్‌లో 50 గ్రాముల దాకా. వేరుశనగలోనూ 23 గ్రాములు ఉంటాయి గాని దాంట్లో నూనె కూడా ఎక్కువ కాబట్టి గుప్పెడుతో ఆపాలి.

పప్పులో మాంసకృత్తులు తక్కువ రకానివి, మాంసమే మంచిదని కొందరంటారు. ఇందులో సగమే నిజం. మాంసకృత్తులు కొన్ని రకాల ముక్కలతో తయారవుతాయి. బియ్యంలో 'లైసిన్' అనే ముక్క తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో 'మిథియోనిన్' తక్కువ, బియ్యంలో అది సరిపడా ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి పూడుస్తుంది. పప్పన్నం, ఇడ్లీ, పులగం మన పెద్దలు కలిపిందే ఆ జోడీ. పాలు, పెరుగు తోడైతే శాకాహారులకు లోటు ఉండదు.

పప్పు వల్ల ఇంకో లాభం చెడు కొలెస్ట్రాలు తగ్గడం. వేరువేరు దేశాల్లో జరిగిన 26 ప్రయోగాలను కలిపి లెక్కగట్టి 2014లో కెనడా వైద్య పత్రికలో ప్రచురించారు. రోజుకు ఒక కప్పు లోపు ఉడికిన పప్పుగింజలు తిన్నవారిలో చెడు కొలెస్ట్రాలు సుమారు 5 శాతం తగ్గింది. బరువు విషయంలో మాత్రం అంత ఆశ పెట్టుకోకూడదు. ఇటువంటివే 21 ప్రయోగాలను కలిపి 2016లో చూస్తే, పప్పుగింజల వల్ల తగ్గింది సగటున 340 గ్రాములే. కాబట్టి పప్పు మందు కాదు. అన్నం తగ్గించి, ఆ చోట పప్పు పెడితేనే ఫలితం. అన్నం అంతా తిని, పైన పప్పు కూడా తింటే లావే అవుతారు.

అన్నం మాని కొర్రలు తింటే చాలదా?

ఈ మధ్య ఎవరిని కదిపినా కొర్రలు, సామలు, అండు కొర్రలు అంటున్నారు. మంచివే. పీచు ఎక్కువ, ఖనిజాలు ఎక్కువ. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా కూడా ప్రకటించింది. అయితే 250 గ్రాముల కొర్ర బియ్యంలోనూ కేలరీలు దాదాపు వరి బియ్యంలో ఉన్నన్ని ఉంటాయి.

దీని మీద 2025లో మంచి సమాధానం దొరికింది. పైన చెప్పిన దేశవ్యాప్త సర్వేలోనే లక్షా ఇరవై వేల మందికి పైగా ఆహారాన్ని శాస్త్రజ్ఞులు విడదీసి చూశారు. మన వాళ్ళు తినే కేలరీల్లో 62 శాతం అన్నం, గోధుమ, పంచదార వంటి పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. పిండి పదార్థం మొత్తం తగ్గించకుండా, ఉత్తగా బియ్యం బదులు ముడి గోధుమో చిరుధాన్యమో మార్చితే మధుమేహం ముప్పు తగ్గిన సూచన కనబడలేదు. పిండి పదార్థాల కేలరీల్లో 5 శాతం తీసేసి ఆ మేరకు పప్పులు లేక పాల పదార్థాల మాంసకృత్తులు చేర్చిన లెక్కలో ముప్పు తగ్గింది. 2000 కేలరీలు తినేవాళ్ళకు 5 శాతం అంటే 100 కేలరీలు. బియ్యంలో చూస్తే 30 గ్రాములు, ఒక చిన్న గుప్పెడు. మార్పు ఎంత చిన్నదో చూడండి.

వరి రకాల్లోనూ తేడాలున్నాయి. మన బాపట్ల నుంచి వచ్చిన బి.పి.టి. 5204 ఇంటింటి అన్నమైంది. దానికే ఎండాకు తెగులు తట్టుకునే గుణం చేర్చి హైదరాబాదు శాస్త్రజ్ఞులు రూపొందించిన మెరుగైన సాంబ మషూరి అన్నం రక్తంలో చక్కెరను కొంత నెమ్మదిగా పెంచుతుందని తేలింది. దొరికితే వాడుకోవచ్చు. అయితే ఏ రకమైనా గ్లాసు మీద గీత దాటకూడదు.

ఒక రోజు భోజనం

ఉదయం: రెండు పెసరట్లు. పొట్టు తీయని పెసలు నానబెట్టి, బియ్యం కలపకుండా రుబ్బాలి. పెనం మీద నూనె చెంచా దాటకూడదు. లోపల ఉప్మా పెట్టవద్దు. అల్లం పచ్చడి చాలు. ఇడ్లీ అయితే ఒక పాలు మినపప్పుకు రెండు పాళ్ళ రవ్వ వేసే బదులు సమంగా వేయాలి. కొంచెం గట్టిగా వస్తాయి గాని అలవాటవుతుంది.

మధ్యాహ్నం: ముందు కూర, తరవాత పప్పు, ఆఖర్న అన్నం వడ్డించుకోవాలి. కంచంలో సగం భాగం కూర, ఆకుకూర ఉండాలి. పావు భాగం గట్టి పప్పు, పావు భాగం అన్నం. చివర పెరుగు లేక మజ్జిగ.

సాయంత్రం: బజ్జీల బండి దగ్గర ఆగకుండా ఇంట్లో ఉడికించిన శనగలు, అలసందలు, ఉలవ గుగ్గిళ్ళు ఒక కప్పు. లేదా గుప్పెడు వేరుశనగ గుళ్ళు, ఒక జామపండు.

రాత్రి: ఏడెనిమిది గంటల లోపు ముగించాలి. రెండు జొన్న రొట్టెలు లేక కొద్దిగా అన్నం, పప్పుకూర, పెరుగు. తిన్నవెంటనే పడుకోవద్దు.

టీ సంగతి విడిగా చెప్పాలి. రోజుకు అయిదు టీలు, టీకి రెండు చెంచాల పంచదార. 50 గ్రాములు. అంటే 200 కేలరీలు నీళ్ళలా లోపలికి పోతున్నాయి. పంచదార మానితే మంచిది. మానలేకపోతే టీలు రెండుకు దించి, చెంచా సగం చేయండి. బెల్లం వేసుకుంటే షుగరు రాదన్నది అపోహ. కూల్‌డ్రింకుల మాట ఎత్తనే వద్దు.

వండే తీరులో మెలకువలు

పప్పుచారులో పప్పు ఎంతుందో వెతుక్కోవాలి. చారు తాగితే పప్పు తిన్నట్టు కాదు. గరిట నిలబడే గట్టి పప్పు కావాలి. పాలకూర, తోటకూర, గోంగూర, సొరకాయ, దోసకాయ ఏదో ఒకటి కలిపి వండితే కూర, పప్పు రెండూ ఒకటే గిన్నెలో అయిపోతాయి.

ఉలవల విషయంలో మనది వింత లెక్క. ఉలవలు ఉడికించి చారు మనం కాచుకుంటాం, గింజలు ఎడ్లకు పెడతాం. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. ఎద్దు తెలివైనదే! గుగ్గిళ్ళుగా, మొలకెత్తించి కూరగా మనం కూడా గింజ తినాలి.

పప్పు తింటే కడుపుబ్బరమని కొందరు మానేస్తారు. ముడి గింజలను ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించి, ఇంగువ, జీలకర్ర, వెల్లుల్లి తాలింపు పెడితే ఆ బాధ తగ్గుతుంది. ఒకేసారి 85 గ్రాములకు పోకుండా వారానికి కొంచెం చొప్పున పెంచాలి.

మన ప్రాంతంలో పప్పుతో పాటు ఊరగాయ, అప్పడం, నెయ్యి తోడు రావాలి. అక్కడే పప్పు లాభం కొంత పోతుంది. ఉప్పు రోజుకు అయిదు గ్రాములు దాటకూడదు. ఒక పూట పచ్చడి ఉంటే ఇంకో పూట మానాలి.

పొలం పని వ్యాయామం కాదా?

'పొద్దున లేస్తే పొలంలోనే ఉంటాం, మాకు వ్యాయామం ఎందుకు?' అనే ప్రశ్న సహజం. గొడ్డలి, పార పట్టి రోజంతా పని చేసేవాళ్ళకు నిజంగానే అక్కర్లేదు. పని పురమాయించి గట్టు మీద నిలబడే వాళ్ళకు, ఎరువుల కొట్టు దగ్గర కూర్చునే వాళ్ళకు, మిషన్లు వచ్చాక ఏడాదిలో ఎనిమిది నెలలు తీరికగా ఉండేవాళ్ళకు కావాలి.

కాలువ లెక్కకే మళ్ళీ వద్దాం. కండరం పని చేస్తున్నంతసేపు దాని తూము తనంత తానే తెరుచుకుంటుంది. లస్కరు కోసం ఎదురుచూడదు. ఇన్సులిన్ తక్కువైనా చక్కెర కండరంలోకి పోతుంది. ఆ ప్రభావం నడక ఆపాక కూడా ఒక రోజు దాకా కొంత నిలుస్తుంది. అందుకే వారానికోసారి పది కిలోమీటర్లు నడవడం కన్నా రోజూ మూడు కిలోమీటర్లు నడవడం మేలు.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. చురుకైన నడక అంటే మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం. కుదిరితే భోజనమయ్యాక 10, 15 నిమిషాలు నడవండి. తిన్న చక్కెర రక్తంలో పొంగే సమయం అదే. కాబట్టి ఆ నడక ఎక్కువ పని చేస్తుంది.

నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కండకు పని పెట్టాలి. దానికి పట్నంలో జిమ్ములు అక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి తోయడం పదిసార్లు, రెండు బిందెల నీళ్ళు మోయడం. ఇవి రెండు మూడు విడతలు చేస్తే చాలు. నలభై దాటాక కండ తరిగిపోతూ ఉంటుంది. పప్పులో తిన్న మాంసకృత్తులు కండగా మారాలంటే ఈ పని తప్పదు.

ఒక హెచ్చరిక. 75 కిలోల మనిషి అరగంట నడిస్తే కరిగేది 150 కేలరీల లోపే. నడక అయ్యాక ఒక చిన్న సీసా కూల్‌డ్రింకు తాగితే లెక్క సరి! బరువు తగ్గించేది ప్రధానంగా కంచం. తగ్గినదాన్ని నిలబెట్టేది, షుగరును అదుపులో పెట్టేది నడక. రెండెడ్ల బండి లాంటిది ఇది.

ఫలితం ఉంటుందా?

ఉంటుంది. అమెరికాలో 3,234 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. అందరూ షుగరు గడప దగ్గర ఉన్నవాళ్ళే. ఆహారం సరిచేసుకుని 7 శాతం బరువు తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని ఒక వర్గానికి చెప్పారు. వాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ బిళ్ళ వేసుకున్న వర్గంలో తగ్గింది 31 శాతమే.

అది తెల్లవాళ్ళ దేశం సంగతి అనుకోవద్దు. మన పక్కనే చెన్నైలో 531 మంది మీద ఇలాంటి పరిశోధనే చేసి 2006లో ప్రకటించారు. మూడేళ్ళలో ఆహారం, నడక వల్ల ముప్పు 28 శాతం తగ్గింది. బిళ్ళ వల్ల 26 శాతం. అంటే కంచం, నడక కలిసి మందుతో సమానంగా పని చేశాయి. 75 కిలోల మనిషికి 7 శాతం అంటే అయిదు కిలోలు మాత్రమే. సినిమా హీరోలా తయారవనక్కర్లేదు.

వీళ్ళు డాక్టరును అడగాలి

ఇప్పటికే షుగరు బిళ్ళలు వాడుతున్నవాళ్ళు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ వంటివి లేక ఇన్సులిన్ వాడేవాళ్ళు ఒక్కసారిగా అన్నం తగ్గించకూడదు. షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తాయి. ఒంటరిగా పొలంలో ఉన్నప్పుడు ఇది ప్రాణం మీదికి వస్తుంది. మందు మోతాదు డాక్టరు చేత సరిచేయించుకుని మొదలుపెట్టాలి. జేబులో పంచదార పొట్లం ఉంచుకోవాలి. షుగరు తగ్గిందని మందు సొంతంగా మానవద్దు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ పప్పు లెక్క వర్తించదు. క్రియాటినిన్ పరీక్ష చూసి డాక్టరు చెప్పినంతే తినాలి. గౌటు కీళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు కూడా అడిగి తినాలి. నడుస్తుంటే గుండె బరువెక్కినా, ఆయాసం వచ్చినా నడక ఆపి పరీక్ష చేయించుకోవాలి. షుగరు ఉన్నవాళ్ళు చెప్పుల్లేకుండా గట్ల మీద నడవరాదు. కాలికి దెబ్బ తగిలినా తెలియదు.

ఇంటి పప్పు ఇంటి చేలో

మన మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము, పెసర చల్లడం తాతల నాటి ఆచారం. పల్లాకు తెగులు, బంగారు తీగ పీడ వల్ల చాలామంది విసిగి మొక్కజొన్న వైపు మళ్ళారు. మొక్కజొన్న కోళ్ళ దాణాకు పోతుంది, మనం పప్పు కొట్టులో కొంటున్నాం. ధర పెరిగినప్పుడల్లా మొదట పలచబడేది మన ఇంటి పప్పే.

అమ్మకానికి ఏ పంట వేసినా, తిండికి కొంత నేల ఉంచుకోవడం కష్టం కాదు. లెక్క చూడండి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి మనిషికి రోజుకు 80 గ్రాముల చొప్పున ఏడాదికి 117 కిలోల పప్పు కావాలి. కందులు క్వింటాలు ఆడిస్తే 70 కిలోల దాకా పప్పు వస్తుంది. అన్నీ కందులే అనుకున్నా క్వింటాలు ముప్పావు కన్నా తక్కువే సరిపోతుంది. ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు పండినా అర ఎకరం చాలు. నేల లేదంటే వరి గట్ల మీద కంది విత్తుకోవచ్చు. పెరట్లో పందిరి చిక్కుడు, అలసంద వేసుకోవచ్చు. మినుము వేసేవాళ్ళు లాం ఫారం శాస్త్రజ్ఞులను అడిగి పల్లాకు తెగులు తట్టుకునే రకం ఎంచుకోవాలి.

పప్పుగింజలకు పురుగు పడుతుందని భయపడనక్కర్లేదు. కొరికితే టక్కున విరిగేదాకా బాగా ఎండబెట్టాలి. తినే గింజలకు కిలోకు అయిదు మిల్లీలీటర్ల చొప్పున వంటనూనె పట్టించి, గాలి చొరని డబ్బాలో ఉంచితే పురుగు గుడ్లు పెట్టదు. పురుగు మందు బిళ్ళలు తినే గింజల డబ్బాలో, ముఖ్యంగా పడుకునే గదిలో ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు.

ఈ వారం చేయవలసినవి నాలుగే. నడుము కొలిచి గోడ మీద క్యాలెండర్లో రాయండి. పరగడుపున షుగరు పరీక్ష చేయించండి. గ్లాసుల మీద గీతలు పెట్టండి. రాత్రి భోజనమయ్యాక ఇంట్లో అందరూ కలిసి పదిహేను నిమిషాలు నడవండి. మూడు నెలలయ్యాక మళ్ళీ టేపు తీసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాయండి.